పాస్‌వర్డ్ ఓకే, నెట్ మాత్రం రాదు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర కాలేజీ అండీ. వైఫై పెట్టెలన్నిటినీ ఒక్కచోట నుంచి నడిపే కంట్రోలర్ లేదు. పాత బ్లాకులో బాగానే ఉంది, కొత్త హాస్టల్లో మాత్రం పిల్లలకి లాగిన్ అవుతుంది, నెట్ రాదు, ఐపీ 169.254తో మొదలవుతోంది. లాగిన్ పాస్‌వర్డులు సరిచూసే రేడియస్ సర్వర్ మార్చాలా?

జవాబు: సర్వర్ జోలికి వెళ్లకండి. లాగిన్ అయిందంటే రేడియస్ పాస్‌వర్డ్ ఒప్పుకున్నట్టే. 169.254 అంటే ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందక ల్యాప్‌టాప్ తనంతట తాను పెట్టుకున్నది. నా అనుమానం హాస్టల్ స్విచ్ మీదే: విద్యార్థుల వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) నంబరు 30 అనుకుంటే, యాక్సెస్ పాయింట్ (వైఫై పెట్టె) తగిలించిన పోర్టు ట్రంక్‌లో, అంటే ఒకే తీగ మీద చాలా వీల్యాన్‌లు వెళ్లే పద్ధతిలో ఉందా, అందులో 30ని అనుమతించారా, అక్కడి నుంచి మెయిన్ స్విచ్‌కి వెళ్లే లింకులో రెండు కొసలా 30 ఉందా చూడండి. చాలామంది ఒక కొస సరిచేసి రెండోది మర్చిపోతారు, లాకులెత్తి పొలం బోదె మూసేసినట్టు. అంతేగానీ పరీక్షల ముందు పాస్‌వర్డులన్నీ మార్పించి పిల్లల్ని టెన్షన్ పెట్టకండి.