అమ్మ గురించి ఎనిమిది పేజీలు, నాన్న గురించి నాలుగు ముక్కలు

ఉత్తరం: మా అమ్మ 86 ఏళ్ళు బతికి, కిందటేడు కార్తీక సోమవారం నాడు పోయింది. పుణ్యాత్మురాలు అన్నారంతా. వచ్చే నెల సంవత్సరీకం. అన్నయ్యలిద్దరూ ద్రాక్షారామంలో అమ్మ పేరున అన్నదానానికి డబ్బు కడదామంటున్నారు. అమ్మ జీవితం మీద చిన్న పుస్తకం అచ్చు వేయించి, ఆ రోజు వచ్చినవాళ్ళకు పంచుదామని నా కోరిక. ఎనిమిది పేజీలు రాశాను, జతచేస్తున్నాను. పదిహేనో ఏట మురమళ్ళ దగ్గర మా ఊరికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ తన కోసం ఒక్కరోజు బతకలేదు. నాన్నకు 91. పెద్దన్నయ్య ఇంట్లో పెరటి గదిలో ఉంటారు. 2015 గోదావరి పుష్కరాల రెండో రోజు నేను కారు తీసుకుని వెళ్ళి అమ్మను కోటిపల్లి తీసుకెళ్తానంటే, ‘నాకు అన్నం ఎవరు పెడతారు?’ అని ఆపేశారు. అమ్మ ఇంటి వెనక కాలువలో మూడు మునకలు వేసి వచ్చింది. అప్పట్నుంచి నాన్నతో నేను సరిగా మాట్లాడింది లేదు. అన్నదానమా, పుస్తకమా? అమ్మకు ఏది సరైనదో చెప్పండి.
— విశాఖపట్నం నుంచి, రిటైరైన టీచర్

జవాబు: అమ్మా, అన్నదానం చేయండి, పుస్తకమూ వేయించండి. ముగ్గురు తోబుట్టువులు ఫోన్లో పది నిమిషాలు మాట్లాడుకుంటే తేలిపోయే సంగతి అది. అందుకోసం మీరు నాకు రాయలేదని ఉత్తరం చివరికి వచ్చేసరికే అర్థమైంది.

ముందు ఆ ఎనిమిది పేజీల గురించి చెప్పనివ్వండి. రెండుసార్లు చదివాను. తెల్లారగట్ట నాలుగింటికి లేవడం, వాకిట్లో కళ్ళాపి, తులసికోట ముందు బియ్యప్పిండి ముగ్గు, ఎండాకాలం కాలువ కట్టేసిన రోజుల్లో నూతి దగ్గరే నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించుకుని తడిబట్టలతో దీపం పెట్టడం, ఇవన్నీ మీరు చూసి రాసినవి. మన వైపు ఆ కాలపు తల్లుల్లో చాలామంది బతుకు ఇదే కావచ్చు. కానీ కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు దీపాలు నీళ్ళలో వదిలే పోలి పాడ్యమి గురించి మీరు రాసిన పేరా మీ అమ్మగారొక్కరిదే. అరటి దొప్పలో ఆవునెయ్యితో తడిపిన ముప్పై వత్తులు వెలిగించి, రేవు మెట్ల మీద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎడమచేత్తో దొప్పను వదులుతూ కుడిచేత్తో నీళ్ళను మెల్లగా ముందుకు తోసేవారని రాశారు. దొప్ప మలుపు తిరిగేదాకా ఆవిడ మెట్టెక్కేవారు కాదని, లాంతరు వెలుగు తల మీంచి పడుతుంటే ఆ రెండు చేతులూ పసుపుగా మెరిసేవని కూడా రాశారు. ఏడేళ్ళ పిల్ల గట్టు మీద నిద్రకళ్ళతో నిలబడి చూసింది యాభై ఏళ్ళ తర్వాత కూడా చెదరలేదు.

ఆ రెండు చేతులూ నీళ్ళ దగ్గర ఉన్నాయి కదా. మరి లాంతరు ఎవరి చేతిలో ఉంది?

మెట్టు మీద పెట్టిన లాంతరైతే వెలుగు తల మీంచి పడదు. మీ పెద్దన్నయ్య పట్టుకుని ఉండొచ్చు, పక్కింటి ఆవిడెవరైనా పట్టుకుని ఉండొచ్చు, మీ నాన్నగారే అయ్యుండొచ్చు. నాకు తెలియదు. మీకు గుర్తు లేదు. చెప్పగలిగిన మనిషి పెరటి గదిలో ఉన్నారు, ఆయనతో మీకు మాటల్లేవు.

మీ బాధ అమ్మ గురించి కాదమ్మా. ఆవిడ నిండుగా బతికారు, మీరంతా దగ్గరుండగా కార్తీక సోమవారం నాడు వెళ్ళిపోయారు. ఆవిడ విషయంలో మీకు తీరని బాకీ ఏమీ లేదు. మీకూ మీ నాన్నగారికీ మధ్య ఆగిపోయిన మాటే ఈ ఎనిమిది పేజీల నిండా ఉంది. ఆయన ఇందులో ఎక్కడెక్కడ వస్తారో గీతలు గీసుకున్నాను. వేళకు కాఫీ అందాల్సిన మనిషి. కూరలో ఉప్పెక్కువైందని కంచం విసిరిన మనిషి. 1996 తుఫాను తర్వాత మూడు రోజులు నోరు విప్పని మనిషి. పుష్కరానికి అడ్డుపడిన మనిషి. డెబ్బై ఏళ్ళ కాపురంలో ఆయనకు దక్కింది ఈ నాలుగు ముక్కలు.

తుఫాను సంగతే తీసుకుందాం. నవంబరు 6 రాత్రి, దీపావళికి నాలుగు రోజుల ముందు. ఐ.పోలవరం, ముమ్మిడివరం మండలాలు ఎలా అయ్యాయో అప్పట్లో కళ్ళారా చూసినదాన్ని. మీ అరవై కొబ్బరి చెట్లలో పదకొండు మిగిలాయి. తెల్లారేసరికి అమ్మగారు తడి కట్టెలు ఊది ఊది గంజి కాచి వీధంతటికీ పోశారు. ఆ పేజీ చదివి కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. అయితే మా కోనసీమలో పాతరకం కొబ్బరి మొక్క పాతితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుందని మీకు నేను చెప్పాలా? 2003 నాటికి మళ్ళీ దింపులు, అంటే కాయలు దించి అమ్మడం, మొదలయ్యాయని మీరే రాశారు. ఆ మొక్కలు పాతిందెవరు, నీళ్ళు పోసిందెవరు? పుస్తకంలో లేదు. మూడు రోజుల మౌనం ఒక్కటే ఉంది.

ఇక పుష్కరాలు. మీరు వెళ్ళింది రెండో రోజు. మొదటి రోజు, 2015 జూలై 14 ఉదయం, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా చనిపోయారు. ఆ రోజంతా టీవీల్లో అదే. చెప్పులు, సంచులు, ఏడుపులు. మీరు వెళ్ళేది కోటిపల్లికే గానీ రాజమండ్రికి కాదు, నిజమే. ఎనభై దాటిన మనిషికి, ఆ బొమ్మలు చూసి తెల్లారాక, ఏ రేవైనా ఒకటే. ‘ఆవిణ్ణి పంపాలంటే భయంగా ఉంది’ అనే మాట ఆ తరం మగవాళ్ళ నోట రాదు. ‘నాకు అన్నం ఎవరు పెడతారు’ అనే వస్తుంది. అలాగే జరిగిందని నేను ఒట్టేసి చెప్పను. ఆయనకు నిజంగా అన్నం గోలే కావచ్చు. పదేళ్ళలో మీరు ఒక్కసారీ అడగలేదు, నాకు కష్టంగా ఉన్నది అదీ.

ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. కంచం విసరడం తప్పు, ఎన్నేళ్ళయినా తప్పే. ఆ వాక్యం కొట్టేయమని చెప్పను, కావాలంటే ఉంచండి. నేను కొట్టేయమనేది ఇంకొకటి ఉంది. ‘అమ్మ ఏనాడూ ఎదురు చెప్పలేదు’ అని నాలుగు చోట్ల రాశారు, నాలుగూ తీసేయండి. నాన్నకు తెలియకుండా రెండు దింపుల డబ్బు బియ్యం డబ్బాలో దాచి, ‘పెళ్ళి తర్వాత చూద్దాం, ముందు దాన్ని బీఈడీ చదవనివ్వండి’ అని పట్టుబట్టిన మనిషి నోరులేనిది ఎలా అవుతుంది? ఆవిడ భక్తిని ఓర్పుకే కుదిస్తే మీరు ఆవిణ్ణి తక్కువ చేసినట్టే. ఆడదాని మౌనానికి దండ వేసే అలవాటు మన ఇళ్ళల్లో చాలా ఉంది, చదువుకున్న మీరు దాన్ని అచ్చు వేసి పంచొద్దు.

మా అమ్మ పోయాక మా నాన్న పద్నాలుగు నెలలు ఉన్నారు. వేళకు మందులిచ్చాను, పంచెలు ఉతికించాను, డాక్టరు దగ్గరికి తిప్పాను. అమ్మ గురించి ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. అమ్మ పెళ్ళినాటి సంగతులు ఇప్పుడు నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు. అందుకే మీ ఉత్తరం చదివి ఊరుకోలేకపోయాను.

మీ అమ్మగారి పుట్టిల్లు ద్రాక్షారామం పక్కన. ఎదుర్లంక వంతెన 2002లో గానీ రాలేదు. పదిహేనేళ్ళ పిల్ల గోదావరి ఎలా దాటి వచ్చింది? పడవలో ఏడ్చిందా? ఎవరి పక్కన కూర్చుంది? మీ పుస్తకం మొదటి పేజీలో ‘కోడలిగా వచ్చింది’ అనే ఒక్క ముక్కలో దాటేశారు. ఆ పడవలో ఉన్నవాళ్ళలో ఇవాళ మిగిలింది బహుశా ఆయనొక్కరే.

పుస్తకం ప్రెస్‌కి పంపడం ఒక పది రోజులు ఆపండి. సంవత్సరీకానికి అందరితో కలిసి కాకుండా ముందే ఒక్కరూ వెళ్ళండి. ఆ రోజు భోక్తలు, బంధువులు, వంటలు, ఆ హడావుడిలో ఆయన పక్కన కూర్చోవడానికి మీకు పీట కూడా దొరకదు. కనీసం రెండు రాత్రులు ఉండండి. వదినగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి, పెద్దాయన్ని చూసుకుంటున్నది ఆవిడ, చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదు. పుష్కరాల మాట మొదటే ఎత్తకండి, తగువవుతుంది. మొదటి పూట అసలేమీ అడక్కపోయినా ఫర్వాలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి కాఫీ మీరే కలపండి. ఇప్పుడు పంచదార వేసుకుంటున్నారో మానేశారో మీకు తెలియదు కాబట్టి అడగండి. గ్లాసు చేతికిచ్చి, మంచం పక్కన కూర్చుని, పోలి పాడ్యమి నాడు రేవులో లాంతరు ఎవరు పట్టుకునేవారు నాన్నా అని అడగండి.