భాషకు మూలం అక్షరాలేనా?

ప్రశ్న: ‘భాష దేనితో తయారవుతుంది?’ అని మా ఐదో తరగతి పిల్లవాడు ఒకడు అడిగితే, అక్షరాలతో అని చెప్పాను. ‘మరి చదువు రాని మా నాయనమ్మ ఎలా మాట్లాడుతోంది టీచర్?’ అన్నాడు. వాడికి ఏమని చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: ముందుగా ఆ పిల్లవాణ్ణి మెచ్చుకోండి. భాషాశాస్త్రంలో మొదటి పాఠం దగ్గరికి తనంతట తానే వచ్చాడు. అక్షరం అనేది పలికిన మాటను నిలుపుకోవడానికి మనిషి చాలా కాలం తర్వాత కల్పించుకున్న గుర్తు. మాటకు ఆధారం ధ్వని. అయితే నోట వెలువడే ధ్వనులన్నిటికీ భాషలో సమానమైన విలువ ఉండదు. ఏ ధ్వనిని మారిస్తే మాట అర్థమే మారిపోతుందో దానిని వర్ణం అంటారు. ‘పాట’లో మొదటి ధ్వనిని మార్చి ‘బాట’ అంటే వేరే మాట అవుతుంది కనుక తెలుగులో ప, బ వేర్వేరు వర్ణాలు. అచ్చు నిడివి మారితే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది, లకారాన్ని ఒత్తి పలికితే ‘కల’ ‘కల్ల’ అవుతుంది.

ఇప్పుడు ‘చలి’, ‘చిలుక’ అని ఒకసారి పైకి పలికి చూడండి. మొదటి మాటలో నాలుక కొన పళ్ల వెనుకకు తగులుతుంది, రెండో మాటలో నాలుక కాస్త వెనక్కి జరిగి అంగిలిని తాకుతుంది. ధ్వనులు రెండైనా మన చెవికి అది ఒకటే చకారం, ఎందుకంటే అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏలతో కూడినప్పుడు అంగిలిని తాకే చకారం (తాలవ్యం), అ, ఉ, ఒ వంటి అచ్చులతో కూడినప్పుడు పళ్లకు తగిలే చకారం (దంత్యం) వస్తాయి తప్ప సాధారణంగా ఒకదాని చోటికి రెండోది రాదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘చక్రం’ వంటి మాటల సంగతి వేరు. ఈ రెండు చకారాలూ సవర్ణాలని, అంటే ఒకే వర్ణంగా చెల్లుతాయని, 1858లో వెలువడిన బాలవ్యాకరణంలోనే చిన్నయసూరి సూత్రీకరించారు. మన వ్యాకర్తలు తెలుగును అంత శ్రద్ధగా విన్నారన్నది తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

విడిగా అర్థం లేని ఈ వర్ణాలు కొన్ని కలిసి అర్థమున్న చిన్న ముక్కలవుతాయి. వాటిని పదాంశాలు అంటారు. ‘రాయించాడు’ అనే మాటనే తీసుకోండి. ‘రాయ్’ పనిని చెబుతుంది, ‘ఇంచ్’ ఆ పనిని మరొకరిచేత చేయించినట్టు చెబుతుంది, ‘ఆ’ అది జరిగిపోయిందని చెబుతుంది, చివరి ‘డు’ చేసినవాడు ఒక్కడేననీ మగవాడనీ చెబుతుంది. ఒకే పదాంశం వేర్వేరు రూపాల్లో కనిపించడమూ ఉంది. ‘వచ్చాడు’, ‘వస్తాడు’, ‘రాడు’ అన్న మూడు మాటల్లో ఉన్న ధాతువు, అంటే క్రియకు మూలమైన ముక్క, ఒక్కటే. ఏ రూపం ఎక్కడ వాడాలో ఆ నాయనమ్మకు బడిలో ఎవరూ నేర్పలేదు, అయినా ఆమె ‘వచ్చడు’ అనో ‘రాస్తాడు’ అనో పొరపాటున కూడా ‘వస్తాడు’కు బదులు అనదు. ఆమెకు తెలియనిది రాత ఒక్కటే. భాషకు మూలమైనవన్నీ ఆమె దగ్గర ఉన్నాయని ఆ పిల్లవాడికి తప్పక చెప్పండి.

ప్రశ్న: లిపి లేని భాషలకూ ఇవన్నీ ఉంటాయా?
— ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: ఉంటాయి. మీకు దగ్గరలోని కొండ ప్రాంతాల్లో వినిపించే కొండ భాషకు, దానినే కూబి అని కూడా అంటారు, సంప్రదాయంగా వస్తున్న సొంత లిపి లేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ భాష మాట్లాడేవారి నోట విని, దాని వర్ణాలనూ పదాంశాలనూ వివరిస్తూ రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది.

అసలు ధ్వనే లేని భాషల్లోనూ ఈ నిర్మాణం ఉంది. బధిరులు వాడే అమెరికన్ సంకేత భాషలో చేతి ఆకారం, చేతిని ఉంచే చోటు, చేతి కదలిక వర్ణాల పనే చేస్తాయని ఆ భాషను పరిశోధించిన విలియం స్టోకీ 1960లో చూపించారు. ఆ భాషలో ఐదు వేళ్లూ చాచి బొటనవేలిని గడ్డానికి ఆనిస్తే ‘అమ్మ’, అదే చేతిని అలాగే నుదుటికి ఆనిస్తే ‘నాన్న’. మన ‘పాట’, ‘బాట’ల మధ్య ఉన్న తేడా ఎలాంటిదో ఇదీ అలాంటిదే.