సర్పంచ్ అయిన మా అమ్మాయికి: గాలివానకి ఒక ప్లాను, గ్యాస్‌కి ఇంకో ప్లాను

అమ్మాయ్,

నువ్వు గెలిచావని మీ నాన్న ఊరంతా స్వీట్లు పంచాడు, చాలా సంతోషం. మొన్న ఫోన్‌లో అడిగావు కదా, పెదనాన్నా నువ్వు అన్నేళ్ళు పంచాయతీలో చేశావు, ఊరికి ఏదైనా ముంచుకొస్తే ఏం చెయ్యాలో చెప్పు అని. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

మీ అత్తోరి ఊరికి ఒకపక్క ఏటిగట్టు, ఇంకోపక్క సముద్రం, పొలాల కింద గ్యాస్ పైపు. అంటే నీకు ఒక ప్లాను సరిపోదు, రెండు కావాలి, ఎందుకంటే ఒకదానికి చేసేది ఇంకోదానికి చేస్తే ప్రాణాలు పోతాయి. తుఫానుకి ముందే కదలాలి, గాలి మొదలయ్యాక మాత్రం తలుపులేసుకుని లోపలే ఉండాలి. గ్యాస్‌కి అలా కాదు, కబురు తెలిసిన నిమిషంలో ఊరు ఖాళీ చెయ్యాలి, అదీ స్విచ్ ముట్టుకోకుండా. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో తెల్లారకుండానే ఏమైందో మన కోనసీమలో తెలియనివాళ్ళు లేరు, పైపులోంచి లీకైన గ్యాస్ మంచులా పరుచుకుని ఉంది, టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని చెప్తారు, 20 మందికి పైగా పోయారు. అంతకుముందు 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయితే, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నితే, 65 రోజులు మండింది.

ముందు గాలివాన సంగతి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో పది వేల మంది పైనే పోయారని లెక్క, 1990 మేలో కూడా పెద్ద తుఫానే వచ్చింది కానీ లక్షల మందిని ముందుగా తరలించారు కాబట్టి వెయ్యి లోపే పోయారు. కాబట్టి జనాన్ని కదిలించడమే అసలు పని, బియ్యం, పప్పు, టార్పాలిన్లు మండలం నుంచి ఎలాగూ వస్తాయి. కానీ జనం కదలరమ్మా! గేదెలున్నాయంటారు, బీరువాలో బంగారం ఉందంటారు, 96లోనే ఏం కాలేదు ఇప్పుడేం అవుతుంది అంటారు, అదే 96 నవంబర్ 6న భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో మాత్రం గుర్తుండదు. ఆ రోజు వాదన పెట్టుకుంటే అవ్వదు, ఎండగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. గేదెల్ని ఎక్కడ మెరకకి తోలాలి, ఎవరు తోలాలి, టైం లేకపోతే పలుపులు విప్పి వదిలెయ్యాలని ఇంటింటికీ ఇప్పుడే చెప్పు.

ఒక పొడుగు నోట్‌బుక్ కొను. యాప్ కాదు, నోట్‌బుక్, కరెంటు పోయి ఫోన్ చచ్చినా చదవచ్చు. అందులో ఇలా రాయి: పడమటి వీధి చివరిల్లు, మంచంలో ఉన్న ముసలామె, ఎత్తడానికి ఇద్దరు మగాళ్ళు, ఎదురింటి ఆటో, ఆటో లేకపోతే పక్కింటి ట్రాక్టర్. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, అందరూ పేర్లతో. కూతురు కువైట్‌లో ఉండి మనవలతో ఉంటున్న ముసలోళ్ళు మన వైపు ఎంతమందో నీకు తెలుసు, వాళ్ళకి ఎవరు తలుపు కొట్టాలో రాయి. ఇంకోటి, రొయ్యల చెరువుల దగ్గర షెడ్లలో ఒరిస్సా, బెంగాల్ కుర్రాళ్ళు కాపలా ఉంటారు, వాళ్ళకి ఓటు లేదు కాబట్టి ఏ లిస్టులోనూ ఉండరు, తెలుగు మైకు వాళ్ళకి అర్థం కాదు. చెరువు ఓనర్ నెంబరూ, హిందీ వచ్చిన ఒక కుర్రాడి పేరూ ఆ పేజీలో ఉండాలి.

తుఫాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో రేపే కనుక్కో. ఒక ఊళ్ళో తాళం ఉన్నాయన పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళాడు, చివరికి తలుపు పగలగొట్టారు, అప్పటికి వాన మొదలైంది. రెండు తాళాలు చేయించి ఇద్దరు వేరే వేరే వీధులవాళ్ళకి ఇవ్వు. లెట్రిన్‌లో నీళ్ళొస్తున్నాయో లేదో కూడా చూడు, ఆడవాళ్ళు షెల్టర్‌కి రాకపోవడానికి సగం కారణం అదే, పైకి ఎవరూ చెప్పరు.

గాలి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే తుఫాను కన్ను మీ నెత్తి మీద ఉన్నట్టే లెక్క, కాసేపట్లో అటువైపు నుంచి ఇంకా గట్టిగా కొడుతుంది. చాలామంది అప్పుడే ఇల్లు చూసుకుందామని బయటికొస్తారు, మైకులో ఈ ఒక్క ముక్కా పదిసార్లు చెప్పించు. వరదకి ఇంత హడావిడి అక్కర్లేదు, భద్రాచలం దగ్గర గోదావరి లెవెల్ చూస్తే ముందే తెలుస్తుంది, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, రెండో హెచ్చరిక వచ్చేదాకా చూడకుండా ముందే లంకల్లో పడవలు తీయించు.

గ్యాస్‌కి వేరే పద్ధతి. పైపు వెళ్ళే దారిలో కంపెనీవాళ్ళు బోర్డులు పాతుతారు, వాటి మీద ఎమర్జెన్సీ నెంబర్ ఉంటుంది, ఫోటో తీసి వార్డు మెంబర్లందరికీ పంపు. పొలంలో బుడగలొచ్చినా, చప్పుడొచ్చినా, వాసనొచ్చినా పొయ్యిలు వెలిగించొద్దు, లైటు వెయ్యొద్దు, తియ్యొద్దు, బైక్ స్టార్ట్ చెయ్యొద్దు. దూరం నడిచి వెళ్ళాకే ఆ నెంబర్‌కీ, 112కీ ఫోన్. అప్పుడు గుడి మైకు కూడా వెయ్యొద్దు, అది కూడా స్విచ్చే కదా. డప్పు, విజిల్, గొంతు, అంతే. గాలి ఎటు వీస్తోందో ఒక్క క్షణం చూసుకుని దానికి అడ్డంగా నడవాలి, గాలితో పాటు వెళ్తే గ్యాస్ మనతోనే వస్తుంది. విశాఖలో 2020 మే 7న వెంకటాపురంలో ఫ్యాక్టరీలోంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు అర్ధరాత్రి దాటాక జనం దిక్కు తెలియక పరిగెత్తి రోడ్ల మీదే పడిపోయారు, 12 మంది పోయారు.

అన్నట్టు డప్పు కొట్టేవాళ్ళకి పంచాయతీ నుంచి ఏదైనా ఇప్పించు, ఊరికే చెయ్యమంటే ఎలా. కొబ్బరి దింపు తీసేవాళ్ళనీ, రంపం మెషిన్ ఉన్నవాళ్ళనీ ఒక టీమ్ చెయ్యి, తుఫాను తెల్లారాక రోడ్డు మీద చెట్లు తీసేది వాళ్ళే, అంబులెన్స్ రావాలంటే ముందు వాళ్ళే రావాలి. తెగిన వైరు దగ్గరికి మాత్రం లైన్‌మన్ వచ్చేదాకా ఎవర్నీ పోనివ్వకు. బావుల్లో బ్లీచింగ్ వేయించాకే నీళ్ళు తోడమను. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్ అందరూ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోవాలి, ఇల్లూ తోటా ముందే ఫోటోలు తీసుకోవాలి, తర్వాత నష్టం లెక్క రాసే ఎన్యూమరేషన్‌కి వచ్చినాయన "చెట్లు ఎన్ని ఉండేవి" అంటే చూపించడానికి ఉంటుంది.

వాట్సాప్ గ్రూప్ పెడితే అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా పెట్టు, లేకపోతే గట్టు తెగిందని ఎవడో పాత వీడియో పెడతాడు, ఊరంతా పరుగు.

అక్టోబర్ లోపు ఒక ఆదివారం రిహార్సల్ చేయించు, జనం నవ్వుతారు, నవ్వనీ. మొదటి ఆటోలో మీ అత్తగారిని ఎక్కించు, సర్పంచ్ ఇంటివాళ్ళు కదలకుండా మిగతావాళ్ళు కదలరు. ఆవిడ రానంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతా.

మీ పెదనాన్న