క్రాక్ కోసం యాంటీవైరస్ ఆపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. డిగ్రీ చదువుతున్నాను. నలుగురు స్నేహితులం కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. సినిమా తీయడం గురించిన పుస్తకాల పీడీఎఫ్‌లు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన కాపీ) ఒక టెలిగ్రామ్ గ్రూపులో దొరికాయి. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపాలని రాసి ఉంది. ఆపవచ్చా? కొత్తవాళ్లం ఏ పుస్తకాలు చదవాలి?

జవాబు: ఆపవద్దు. ఆ ఫైలును తెరవకుండానే తొలగించండి. షార్ట్ ఫిల్మ్ తీసేవారి నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. చాలాసార్లు చేయి కాలాక వస్తుంది.

ఇలాంటి క్రాక్‌లు తరచూ పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలుగా వస్తాయి. ఆ పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో ఆలోచించారా? తాళం వేసిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు, అందుకు! తెరిచాక జరిగేది రెండు రకాలు. మొదటిది, లోపలి వైరస్ బ్రౌజర్‌లో మీరు లాగిన్ అయి ఉన్న ఆనవాళ్లను, అంటే కుకీలను ఎత్తుకుపోతుంది. అవి చేతికి చిక్కినవాడికి మీ పాస్‌వర్డ్‌తో, ఓటీపీతో పని లేదు. మీ యూట్యూబ్ చానల్ వాడిదైపోతుంది. రెండోది రాన్సమ్‌వేర్. కంప్యూటర్‌లోని వీడియోలతో పాటు, ఆ సమయానికి తగిలించి ఉన్న హార్డ్ డిస్క్‌లోని వాటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకోవచ్చు. నటులను బతిమాలి, ఇల్లు అడిగి తెచ్చుకుని తీసిన షాట్లు తిరిగి రావు. కెమెరా మెమరీ కార్డు చాలదని అదే రాత్రి ఫార్మాట్ చేసేస్తారు కదా!

ఫైళ్ల పేర్లలో చివరి భాగాన్ని దాచిపెట్టే విండోస్ మీద నాకు చాలా కోపం. పుస్తకం పేరు, చివర డాట్ పీడీఎఫ్, పక్కన పుస్తకం బొమ్మ కనిపిస్తాయి. దాని వెనక ఉన్న డాట్ ఈఎక్స్ఈ, అంటే అది పుస్తకం కాదు, నొక్కగానే నడిచే ప్రోగ్రామ్ అని చెప్పే గుర్తు, మాత్రం కనిపించదు. తెర శుభ్రంగా ఉండాలని ఇన్నేళ్లుగా జనాన్ని మోసగాళ్లకు అప్పగించడం ఏం డిజైన్? ఫోల్డర్ తెరిచి, వ్యూ మెనూలో (విండోస్ 11లో అయితే అందులోని షోలో) ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర ఈ రోజే టిక్ పెట్టండి.

ఇప్పటికే తెరిచి ఉంటే నెట్ ఆపి, వేరే ఫోను నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ అవండి.

ఇక పుస్తకాలు. పది అక్కర్లేదు. హాలీవుడ్ దర్శకుడు సిడ్నీ లుమెట్ 1995లో రాసిన 'మేకింగ్ మూవీస్' ముందు చదవండి. ఆయన తీసిన సినిమా '12 యాంగ్రీ మెన్' దాదాపు అంతా ఒకే గదిలో నడుస్తుంది. కథ ముందుకు సాగేకొద్దీ లెన్సులు పొడవైనవి వాడుతూ, కెమెరాను కిందికి దించుతూ ఆ గది ఇరుకవుతున్నట్టు ఎలా చూపించారో ఆయన చెబుతారు. మీకున్నదీ ఒక గదే అయితే ఆ పేజీలు బంగారం. ఎడిటింగ్‌కు హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ రాసిన 'ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ'. చిన్న పుస్తకం. ఎక్కడ కట్ చేయాలో తేల్చే ఆరు అంశాల్లో ఆయన భావోద్వేగానికే 51 శాతం ఇచ్చారు. డబ్బు లేదని కూర్చున్నవారికి దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్స్ డైరీ, 'రెబెల్ వితౌట్ ఎ క్రూ'. విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో అడిగి చూడండి. కాగితం పుస్తకానికి వైరస్ పట్టదు.

సాఫ్ట్‌వేర్‌కు క్రాక్ అవసరమే లేదు. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపం 4కె వీడియో ఇస్తుంది. శిక్షణ పుస్తకాలను కూడా ఆ సంస్థే తన సైట్‌లో ఉచితంగా పెట్టింది. మీ ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ అయితే అది తడబడుతుంది, అప్పుడు షాట్‌కట్ అనే ఉచిత ఎడిటర్ వాడండి. ఏది వాడినా, కార్డులోని షాట్లను రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయండి. రెండు చోట్లా తెరిచి చూసేవరకు కార్డు ఫార్మాట్ చేయకండి. కాపీ అయ్యాక అందులో ఒక డిస్కును కంప్యూటర్ నుంచి తీసేయండి.