పెట్ట నలతను తొలిరోజే కనిపెట్టడం గురించి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఆరు పెట్టలలో గోధుమరంగుది రెండు రోజులుగా "ఏదో నీరసంగా" ఉందని వ్రాసి, ఇంట్లో ఏయే మందులు ఉంచుకోవాలో చెప్పమన్నావు. మందుల సంగతికి తరువాత వస్తాను. ముందు ఆ "ఏదో నీరసంగా" అన్న మాటను విడదీసి చూడడం అలవాటు చేసుకో. కోళ్ళ విషయంలో వైద్యం కన్నా కనిపెట్టడమే కష్టం. అది ఆలస్యమైతే ఎంత మంచి మందు తెచ్చినా ఫలితం అంతంతమాత్రమే.

కోడి తన నలతను దాచుకొనే జీవి. నీరసంగా కనిపించిన పక్షిని గద్ద గానీ పిల్లి గానీ ఇట్టే పసిగడుతుంది. అంతకన్నా ముందే తోటి పెట్టలు దాన్ని పొడిచి మేత దగ్గర వెనక్కి నెట్టేస్తాయి. అందువల్ల ఒంట్లో బాగాలేకపోయినా అది నలుగురితో పాటే తిరుగుతుంది, నేల గీకుతుంది, గింజల మీదికి ముక్కు వంచుతుంది. ఈకలు ఉబ్బించుకొని, మెడ లోపలికి లాక్కొని, కళ్ళు మూస్తూ మూల నిలబడే వేళకు జబ్బు మొదలై చాలా రోజులే గడిచి ఉంటాయి.

ఈ సంగతి నాకు ఒక నల్ల పెట్టను పోగొట్టుకొన్నాక గాని తలకెక్కలేదు. గూటి తలుపు తీయగానే ప్రతిరోజూ రెండోదిగా దూకే పెట్ట అది. ఒకనాడు మిగతావన్నీ దిగేదాకా ఆగి, ఆ తరువాత నెమ్మదిగా దిగింది. గింజలు చల్లితే వచ్చి అన్నిటితో పాటు పొడిచింది కదా అని నేను పట్టించుకోలేదు. చాలా రోజుల తరువాత చేతిలోకి తీసుకొంటే రొమ్ము ఎముక కత్తి అంచులా వేళ్ళకు తగిలింది. అప్పుడు పక్కన కూర్చొని చూద్దును కదా, అది గింజను ముక్కుతో ఎత్తుతోంది, రెండుసార్లు ఆడిస్తోంది, మింగకుండా కింద వదిలేస్తోంది. తిన్నట్టు నటించడమే తప్ప తినడం ఎప్పుడో మానేసింది. తలుపు దగ్గర అది వెనకబడిన రోజునే నేను చూసుకోవలసింది.

కాబట్టి ఉదయం తలుపు తీసి వెంటనే మేత చల్లవద్దు. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడి ఏది ముందు దిగింది, ఏది ఆగింది, దేని తోక వాలి ఉంది, ఏది ఒక కాలు తప్పించి నడుస్తోంది అని చూడు. ఒక్కో పెట్టకు ఒక్కో తీరు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పటి తీరు నీకు కంఠతా తెలిసి ఉంటేనే తేడా కనబడుతుంది. పుస్తకాలలో చెప్పే లక్షణాలన్నీ దీని తరువాతివేనని నా అభిప్రాయం.

రెండోది మేత తిత్తి. మెడ కింద, రొమ్ముకు కుడివైపున చేతికి తగిలే సంచి అది. రాత్రి పెట్టలు కర్ర మీద కుదురుకొన్నాక తడిమి చూస్తే నిండుగా ఉండాలి. మర్నాడు మేత వేయకముందు చూస్తే ఖాళీ అయిపోయి ఉండాలి. రాత్రే ఖాళీగా ఉందంటే పగలంతా తినలేదన్నమాట. తెల్లారినా గట్టి ముద్దలా ఉంటే గడ్డి, పీచు వంటిదేదో అడ్డుపడి ఉండవచ్చు. నీళ్ళ తిత్తిలా జారుతూ నోటి నుంచి పులిసిన వాసన వస్తే లోపల మేత పులుస్తోంది. అలాంటప్పుడు పెట్టను తలకిందులు చేసి కక్కించమని ఎవరైనా చెబితే వినవద్దు, ఆ నీరు శ్వాసనాళంలోకి పోతే చేతిలోనే ప్రాణం పోతుంది. పదిహేను రోజులకొకసారి, తిత్తి ఖాళీగా ఉండే ఉదయం పూటే తూకం వేసి వ్రాసుకో. ఈకల చాటున కండ కరిగిపోవడం కంటికి తెలియదు.

రెట్టను చూడడానికి మొహమాటపడవద్దు. కర్ర కింద పాత కాగితం పరిచి ఉంచితే రాత్రి సంగతంతా అదే చెబుతుంది. గోధుమ లేక బూడిదరంగు ముద్ద, దాని మీద తెల్లటి పొర ఉంటే మంచిదే. ఎనిమిది, పదింటికి ఒకటి చొప్పున జిగటగా, ముదురు రంగులో, ముక్కు మూసుకొనేంత వాసనతో పడేది కూడా సహజమే. కొత్తగా పెంచేవారు దాన్ని చూసే ఎక్కువగా హడలిపోతారు. ఎండ రోజుల్లో నీళ్ళు ఎక్కువ తాగి పలుచగా వేయడమూ మామూలే. పచ్చి ఆకు తినని పెట్ట ముదురు ఆకుపచ్చ రెట్ట వేస్తే మేత మానిందేమో అనుకోవాలి. రెట్టలో రక్తం కనిపిస్తే, ముఖ్యంగా కొన్ని వారాల పిల్లలలో అయితే, రక్తపారుడు అనే పేగుల జబ్బు కావచ్చు. ఒక్క పూట కూడా ఆగవద్దు.

శ్వాసను పగటి సందడిలో పట్టుకోలేవు. రాత్రి దీపం లేకుండా గూటి దగ్గర కాసేపు నిలబడి విను. తుమ్ము, గురగుర, ఈల వంటి సన్నని చప్పుడు ఏదైనా వినబడితే మర్నాడు ఆ పెట్ట కంటి మూలల్లో నురగ ఉందా, ముక్కు కారుతోందా, ముఖం వాచిందా అని చూడు. ఎండలో నోరు తెరిచి రెక్కలు ఎడంగా పెట్టడం ఒళ్ళు చల్లబరచుకోవడానికే. అదే పని చల్లటి వేళ, కూర్చొన్న చోటనే, ప్రతి శ్వాసకూ తోక ఊపుతూ చేస్తే అది ప్రమాదం.

తల మీది ఎర్రటి తురాయి పాలిపోయిన పెట్ట సాయంత్రం గూటిలోకి వెళ్ళడానికి మొరాయిస్తుంటే, దాన్ని వదిలి గూటిని వెతుకు: రక్తం తాగే ఎర్రటి సన్న పురుగులు పగలు కర్రల పగుళ్ళలో దాగి రాత్రి పైకి వస్తాయి. తురాయి నీలంగా మారితే వెంటనే వైద్యుడిని పిలవాలి. గుడ్డు ఒక రోజు తప్పితే కంగారు లేదు, ఒక్కో గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అయితే తోక దించి, ఒళ్ళు నిటారుగా పెట్టి, మాటిమాటికీ ముక్కుతున్నదంటే గుడ్డు అడ్డం పడి ఉండవచ్చు. అది ఆనాటి పని, రేపటికి వాయిదా వేసేది కాదు.

జబ్బు కానివి కూడా తెలుసుకో. పొదుగుకు వచ్చిన పెట్ట మూడు వారాలు కదలకుండా కూర్చొంటుంది, రోజుకు ఒకటి రెండుసార్లు లేచి పెద్ద కంపు రెట్ట వేస్తుంది, చెయ్యి పెడితే ఉబ్బి కోపంగా గుర్రుమంటుంది. జబ్బు పెట్టకు ఆ కోపం ఉండదు. ఏటా ఈకలు రాల్చే కాలంలో గుడ్లు ఆగిపోవడం, తురాయి కళ తప్పడం కూడా సహజమే.

ఇక మందులు. అనుమానం వచ్చిన పెట్టను మిగతావాటి గొంతు వినబడేంత దూరంలో, వెచ్చటి చోట విడిగా ఉంచు. మేత, నీళ్ళు ముందు పెట్టు. దాని పని ఆఖరున చూసి చేతులు సబ్బుతో కడుక్కో. ఇది చాలామటుకు మందు కన్నా మేలు చేస్తుంది. యాంటీబయాటిక్ ఊహ మీద వేయవద్దు. ఒకే లక్షణం నాలుగు జబ్బులకు ఉంటుంది, పైగా మందు శేషం గుడ్డులోకి దిగుతుంది. ఒకటికి మించి ఒక్కసారిగా పడిపోయినా, మెడ మెలితిరిగినా, హఠాత్తుగా చనిపోయినా కొక్కెర తెగులో (రాణిఖేత్ అనే అంటుజబ్బు) బర్డ్ ఫ్లూనో అని భయపడవలసిందే: వట్టి చేతులతో తాకవద్దు, కోయవద్దు, వండవద్దు, వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టు. కొక్కెర తెగులుకు టీకా జబ్బు రాకముందు వేయించాలి, వచ్చాక లాభం లేదు.

నీ గోధుమరంగు పెట్టను ఈ రాత్రే విడిగా ఉంచి తిత్తి తడిమి చూడు, తెల్లవారి మళ్ళీ చూడు, కింద పరిచిన కాగితం మీద రెట్ట ఏ రంగులో ఉందో గమనించు. ఆ మూడూ నాకు వ్రాయి. నోరు తెరిచి శ్వాస తీస్తుంటే మాత్రం నా జవాబు కోసం ఆగక, దాన్ని పెట్టెలో పెట్టుకొని నేరుగా వైద్యుడి దగ్గరికి వెళ్ళు.

ఇట్లు,
మీ అత్తయ్య