మార్ఫిన్ మాత్రలు బీరువాలోనే ఉన్నాయి... ఇవ్వమంటారా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 64 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇక చేసేదేమీ లేదని హైదరాబాద్‌లో చెప్పి ఇంటికి పంపారు. రాత్రంతా నొప్పితో మూలుగుతున్నారు. మార్ఫిన్ రాశారు గానీ, మొదలుపెడితే మనిషి మత్తులోనే పోతాడని బంధువులు భయపెడుతున్నారు. అన్నం ముట్టడం లేదు. ఆర్‌ఎంపీ చేత సెలైన్ పెట్టించమంటారా? అమ్మ నిద్రపోయి నెల దాటింది.
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు బీరువా తెరవండమ్మా. మందు రాసిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేయండి. కిడ్నీ జబ్బు ఉంటే చెప్పండి. మోతాదు మరోసారి అడిగి మొదలుపెట్టండి.

‘ఇక చేసేదేమీ లేదు’ అన్న మాట నాకు నచ్చదు. క్యాన్సర్‌ను తగ్గించలేకపోవచ్చు, నొప్పిని తగ్గించవచ్చు. సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. క్యాన్సర్ నొప్పికి వాడేటప్పుడు వ్యసనం భయం కూడా పెట్టుకోనక్కర్లేదు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు, వాంతి వచ్చినట్లుంటుంది. ఇన్ని రాత్రుల నిద్ర బాకీ కూడా అప్పుడే తీరుతుంది, చూసి కంగారు పడకండి. మలబద్ధకం మాత్రం దానంతట అది పోదు. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. పిలిచినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. మాత్రలు పిల్లల చేతికి అందకూడదు.

ఒక నోటు పుస్తకంలో వేళ, మోతాదు రాయండి. నొప్పికి పదిలో మార్కు వేయమంటే మన పెద్దవాళ్లు తెల్లముఖం వేస్తారు. ‘రూపాయిలో ఎంత తగ్గింది?’ అని అడిగితే ‘బారాణా (ముప్పావలా వంతు) తగ్గింది’ అని ఠక్కున చెబుతారు. అదే రాయండి. మోతాదు మార్చడానికి డాక్టరుకు అది చాలు.

వెన్నెముక నొప్పికి కొందరికి ఒకే ఒక్క సిట్టింగ్ రేడియేషన్‌తో మంచి ఉపశమనం దొరుకుతుంది. అది అయిందో లేదో అడగండి. కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు మాత్రం అదే రోజు క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి.

ఇక అన్నం. ముద్ద పెట్టకపోతే పాపమని ఊరంతా అంటుంది. ఈ దశలో ఆకలి చచ్చిపోవడం జబ్బులో భాగం. బలవంతంగా పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సెలైన్ బలం ఇవ్వదు. ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, ఆయాసం పెరుగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు ఒరిగించి కూర్చోబెట్టి, అడిగినంత మజ్జిగో గంజో చెంచాతో పట్టండి. పెదవులు ఎండితే తడి దూదితో అద్దండి.

ఇంటి దగ్గర సాయం ఉంది. ప్రభుత్వ ‘ఆలన’ ఉపశమన సేవల బృందం మీ ఊరికి వస్తుందేమో నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, ఆశా కార్యకర్తతోనూ చెప్పండి. మార్ఫిన్ అన్ని మందుల దుకాణాల్లో దొరకదు కాబట్టి మాత్రలు అయిపోకముందే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన చికిత్స విభాగంలో అడగండి. ఇంట్లో చూసుకోవడం మీ వల్ల కాకపోతే చివరి దశ రోగులను చూసుకునే హైదరాబాద్ స్పర్శ్ హాస్పిస్‌లో ఉచితంగా చూస్తారు. అక్కడ చేర్పించడం తండ్రిని వదిలేయడం కాదు.

మందు మొదలుపెట్టిన మొదటి రాత్రి నాన్నగారి దగ్గర మీరు కూర్చోండి. అమ్మను పక్క గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేయండి.