పర్యావరణ నిర్వహణ చదవడానికి జర్మనీ వస్తున్న వారికి

మే నెలలో సెలవు మీద తిరుపతి వెళ్ళినప్పుడు, కొర్లగుంటలో మా అక్క ఇంటి మేడ మీద పక్కింటి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. సివిల్‌లో బీటెక్ పూర్తి చేసింది. జర్మనీలో పర్యావరణ నిర్వహణ మాస్టర్స్ చేయాలని ఆశ. "అన్నా, పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే చెబుతారట కదా! జర్మన్ అక్కడికి వెళ్ళాక మెల్లగా నేర్చుకుంటే చాలదా?"

చాలదు. అప్పుడు ఆమెకు చెప్పిందే ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రోగ్రాములు రాసేవారికి ఏ ఊళ్ళో ఉన్నా పని ఒకటే. పర్యావరణ నిర్వహణ అలా కాదు. ఒక కర్మాగారం ఎంత మురుగునీరు వదలవచ్చు, ఏ వాగులోకి వదలవచ్చు, చెత్త ఎక్కడ వేయవచ్చు అనేవన్నీ ఆ దేశపు చట్టంలో, స్థానిక అధికారి ఇచ్చిన అనుమతి పత్రంలో, చుట్టుపక్కల జనం చెప్పిన అభ్యంతరాల్లో ఉంటాయి. వాటిని చదవలేనివారికి నీటి రసాయన శాస్త్రం ఎంత వచ్చినా పని సగమే వచ్చినట్టు.

ఇది నేను దెబ్బ తిని తెలుసుకున్నాను. నా మొదటి ఇంటర్వ్యూ ఒక చిన్న పట్టణంలోని మురుగునీటి శుద్ధి విభాగంలో. ఎదురుగా కూర్చున్న ఇంజనీరు ఒక అనుమతి పత్రం నా ముందు పెట్టి, నైట్రోజన్ పరిమితిని ఏ షరతు మీద సడలించారో చెప్పమన్నారు. అంకె కనబడింది. దాని చుట్టూ ఉన్న వాక్యం అర్థం కాలేదు. ఆయన మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించారు. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడ 18 నెలల గడువు ఇస్తారు. అందులో పది నెలలు ఉదయం జర్మన్ తరగతికి, సాయంత్రం గోదాములో పెట్టెలు మోయడానికి పోయాయి. మీకు అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను. బయలుదేరే ముందే జర్మన్‌లో బీ1 స్థాయి (ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లలో మూడోది) పూర్తి చేయండి. తిరుపతి వారికి జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ చెన్నైలో దగ్గరే ఉంది. చదువు ముగిసేలోగా ఐదో మెట్టు సీ1 వరకు వెళ్ళగలిగితే మీ ముందు తెరుచుకునే తలుపులు వేరు.

ఇక కోర్సు. పేరు చూసి దరఖాస్తు పెట్టకండి, రెండేళ్ళలో ఏమేమి పాఠాలున్నాయో ఆ జాబితా చదవండి. ఒక చోట పర్యావరణ నిర్వహణ అంటే విధానాలు, ఆర్థికశాస్త్రం. మరో చోట నేల, నీరు, ప్రయోగశాల. ఇంకో చోట కంపెనీల పర్యావరణ నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14001 చుట్టూ తిరిగే తనిఖీలు. సివిల్ నుంచి వచ్చేవారికి స్టుట్‌గార్ట్‌లో గాలి, ఘన వ్యర్థాలు, మురుగునీటి శుద్ధి మీద ఉన్న ఇంజనీరింగ్ కోర్సు సరిగ్గా సరిపోతుంది. కోట్‌బుస్‌లోని పర్యావరణ, వనరుల నిర్వహణ కోర్సుది మరో దారి. అది లిగ్నైట్ బొగ్గు గనుల ప్రాంతం. తవ్వి వదిలేసిన గనిని 2019లో నీటితో నింపడం మొదలుపెట్టి సరస్సుగా మార్చారు. పాఠంలో చదివింది సైకిలు మీద వెళ్ళి చూడవచ్చు. ఊరిని బట్టి కోర్సు ఎంచుకోవడం తెలివితక్కువ పని కాదు, ఈ చదువులో అదే సరైన పద్ధతి.

డబ్బు సంగతి క్లుప్తంగా. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపాల్సిన మొత్తాన్ని 2024లో ఏడాదికి 11,904 యూరోలు చేశారు. మీరు దరఖాస్తు చేసే నాటికి మళ్ళీ చూసుకోండి. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు వీసా కోసం ఏపీఎస్ ధ్రువపత్రం (మన చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి. అన్నిటికంటే ముందు దానికి దరఖాస్తు పెట్టండి.

ప్రవేశం కోసం రాసే లేఖ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. అందరూ భూతాపంతో మొదలుపెడతారు. మీరు చిత్తూరు మామిడితో మొదలుపెట్టండి. తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు సీజన్లో రెండు మూడు నెలలే నడుస్తాయి. కాయలు, యంత్రాలు కడిగిన నీటిలో చక్కెర, పీచు నిండా ఉంటాయి. శుద్ధి చేయకుండా వదిలితే అవి కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. శుద్ధి ట్యాంకులో పని చేసేది సూక్ష్మజీవులు. అవి పెరిగి కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత రోజూ మేత కావాలి. ఏడాదిలో ఎక్కువ కాలం ఆకలితో ఉంచి, జూన్‌లో ఒక్కసారిగా మోయలేనంత భారం వేస్తే ఆ ట్యాంకును ఎలా నడపాలి? ఇది పనికొచ్చే ప్రశ్న, ఏ ప్రొఫెసరైనా తల ఎత్తి చూసే ప్రశ్న. ఇలాంటివి మన చుట్టూ ఇంకా ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి ఉండే స్వర్ణముఖిలో పారేది ఏ నీరు? 2021 నవంబరు వరదల్లో కట్ట తెగుతుందేమోనని ఊళ్ళను భయపెట్టిన రాయలచెరువు వంటి పాత చెరువులను ఎవరు, ఎలా కాపాడాలి? విమానం ఎక్కేముందు వెళ్ళి చూడండి, ఫోటోలు తీయండి, అక్కడి రైతులతో మాట్లాడండి.

తిరిగి వచ్చేస్తే ఈ జర్మన్ ఏమవుతుందని ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో 2006 నాటి నోటిఫికేషన్ కింద పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. ఆ తెలుగు సారాంశాన్ని రైతుకు అర్థమయ్యేలా, నిజం దాచకుండా రాయగలిగినవారు మనకు కావాలి. ఒక పరాయి భాషలో అనుమతి పత్రాన్ని వాక్యం వాక్యంగా విప్పి చదవడం నేర్చుకున్న మనిషి ఆ పని బాగా చేస్తుందని నా నమ్మకం.

ఆమె జర్మన్ తరగతిలో చేరిందని, గుజ్జు ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళి చూడటానికి అనుమతి అడిగిందని మొన్న అక్క ఫోనులో చెప్పింది.